నేలచూపు

చండూరు అవతల, పత్తిచేన్ల నడుమ
మా ఊరి బోరింగు నీళ్లు తేటగనే ఉండేటివి.
గ్లాసుల పోస్తే అవతలి గోడ కనబడేది.
అవే తాగి మా అమ్మ ఎముకలు బిగుసుకున్నయి.
ముప్పై అయిదేండ్లకు మెడ తిరగలే,
నలభైకి నడుము కొడవలయ్యింది.
ఇప్పుడు రాహేలమ్మ అంటే
ఊర్ల ఒక చేతికర్ర, దాని పక్కన ఒక వంపు.

అమ్మ లోకమంత మోకాళ్ల కిందనే.
ఎవరొచ్చిన్రో కాళ్లను జూసి చెప్తది.
పగిలిన మడిమె పెంటమ్మది,
ఒకదిక్కే అరిగిన చెప్పు మా మామ ఇస్సాకుది,
గోరింట పండిన గోర్లు కొత్తగొచ్చిన కోడలివి.
రాత్రి పండుకున్నా గోడ దిక్కే ఒదుగుతది.
నా మొఖం ఎట్ల మారిందో
ఎన్నేండ్లాయెనో, అమ్మకు తెల్వదు.

అందుకే నాకు ఏడ్వడం సులువైంది.
నిలబడితే చాలు.

ఒక ఆదివారం పట్నం నుంచి ప్రసంగీకుడొచ్చిండు.
పద్దెనిమిదేండ్లు వంగిపోయిన ఆడామె
ప్రభువు చెయ్యి పెట్టంగనే నిటారుగ లేచిన ముచ్చట
మైకు పగిలేటట్టు చెప్పిండు.
చర్చి నిండ తలకాయలు ఒక్కసారే
చాప చివర కూసున్న అమ్మ దిక్కు తిరిగినయి.
ముందటికి తీస్కపోయిన్రు.
నెత్తి మీద నూనె, వీపు మీద ఏడెనిమిది చేతులు.
"లే తల్లీ, నమ్ము" అన్నడు.
మల్ల "నమ్ము" అన్నడు.
డోలకు ఆగింది. ఫ్యాను చప్పుడొక్కటే.
అమ్మ ఎట్లున్నదో అట్లనే ఉండి
ముక్కు కొసకు జారిన నూనెను కొంగుతోని తుడుసుకున్నది.

ఇంటికొచ్చే తొవ్వల నేనే మండిపడ్డ.
"ఆమెకు పద్దెనిమిదేండ్లే. నీకు ఇరవై ఆరు.
లెక్క తప్పిందా ఆయనకు?"
అమ్మ కర్ర ఆపి, నా కాళ్లతోని మాట్లాడింది.
"ఊకో బిడ్డ. నీ చెప్పు తెగేటట్టున్నది, చూస్కో."

తర్వాతెప్పుడో కిష్ణ నీళ్లు నల్లాల వచ్చినయి.
ఊరంత బిందెలు తోముకొని నిలబడ్డది.
అమ్మ ఒక్క గుక్క పుక్కిలించి, మింగి
"మంచిగున్నయి, నీ పిల్లలు తాగుతరు" అన్నది.
నేనైతే మింగలేకపోయిన,
ఆ నీళ్లను గాదు, ఆ మాటను.

మట్టల ఆదివారం పోయినంక గురువారం రాత్రి.
కరెంటు లేదు.
మా జెకర్యా అయ్యగారు ఇంట్ల బట్టలు నానబెట్టే
నీలం ప్లాస్టిక్ టబ్బు తెచ్చి
నడుముకు తువ్వాల చుట్టుకున్నడు.
సంగపెద్దల కాళ్లు కడిగిండు. గొర్లకాపరివి కడిగిండు.
అమ్మ దగ్గరికొచ్చి మోకాళ్ల మీద పడి, ఇంకింత వంగి
వంకరబోయిన ఆ కాలును రెండు చేతుల్ల పట్టిండు.
అప్పుడు అమ్మ నవ్వింది.
ప్రార్థనల నవ్వేందని అందరం ఉలిక్కిపడ్డం.
"అయ్యా, నీ గడ్డం కింద పుట్టుమచ్చ ఉన్నదా!
పన్నెండేండ్ల సంది నీ మాట విన్న గని
మొఖం ఇయ్యాలనే చూసిన."

ఇంటికొచ్చి నేను లాంతరు ఒత్తి తగ్గిస్తుంటే
గోడకు చెప్పినట్టు చెప్పింది.
"నిలబడ్డోళ్లెవ్వరు నాకు కనబడరు.
ఆయన గూడ పైననే ఉంటే నేనెట్ల చూద్దును?
కూసున్నడు గదా ఆ రాత్రి నేల మీద,
తనను అమ్మినోని కాళ్లు గూడ కడుగుకుంట.
గా ఎత్తులనే నా కండ్లున్నయి.
ఈ వంపు ఆయనిచ్చిండో, నీళ్లిచ్చినయో తెల్వదు బిడ్డ.
ఈడ ఎదురుపడ్డడు. గంతే తెలుసు."

నాకంత నమ్మకం లేదు, ఇప్పటికీ.
నీళ్లను పరీక్ష చేసిన కాగితం
ఏ ఆఫీసుల ఎన్నేండ్లు పండుకున్నదో
అడుగుతనే ఉంట. ఆమె కోసం గాదు,
నా కోపం కోసమన్న అడుగుత.

అయితే నిన్న పత్తి ఏరి వచ్చి
అన్నం గిన్నె చేతికిచ్చినంక నిలబడలే.
ఉత్త బండల మీద కూసున్న. ఇంకింత వంగిన.
అమ్మ ముద్ద ఆపింది.
చానసేపు చూసింది.

"కండ్ల కింద గీ నలుపెప్పటి సంది?" అన్నది.